చివరి పాటలో 'స' చిరుగుతుంటే ముందు సూది మొన మార్చండి

ప్రశ్న: నా దగ్గర టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్ ఉంది. మూడేళ్ల కిందట దానికి ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని దాని కదలికను విద్యుత్తుగా మార్చే డబ్బా) బిగించాను. రోజూ గంటసేపైనా వింటాను. ఏ ఎల్పీ పెట్టినా మొదటి రెండు పాటలు హాయిగా ఉంటాయి. చివరి పాటకు వచ్చేసరికి గొంతులో 'స', 'శ' వచ్చినప్పుడల్లా గుడ్డ చింపినట్టు వినిపిస్తోంది. ఒక మిత్రుడు టర్న్‌టేబుల్ అమ్మేసి మంచి బెల్ట్ డ్రైవ్ కొనమంటున్నాడు. ఇంకొకాయన డెనాన్ డీఎల్-103 పెట్టు, ఎంసీ (మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్) అంటే ఏమిటో తెలుస్తుంది అంటున్నారు. నా ఆంప్లిఫయర్‌లో ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్‌లకు సరిపడే ఫోనో, అంటే కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే భాగం, ఒక్కటే ఉంది. ఇప్పటికి ఒక్క వస్తువే మార్చగలను. ఏది ముందు మార్చాలి?

సమాధానం: టర్న్‌టేబుల్ అమ్మకండి. డీఎల్-103 కూడా ఇప్పుడే వద్దు. మీరు మార్చాల్సింది సూది మొన ఆకారం. మొదటి పాట బాగుండి చివరిది చెడుతోందంటే దోషం మోటారుది కాదు, బెల్టుది కాదు, ఫోనోది కూడా కాదు. వాటిలో ఏది చెడ్డా రికార్డంతా ఒకేలా చెడుతుంది. బయటి నుంచి లోపలికి పోయేకొద్దీ పెరిగే లోపం సూదికీ గాడికీ మధ్య ఉంటుంది.

ఎందుకో లెక్క చూస్తే తేలిపోతుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర, అంటే కేంద్రం నుంచి 146 మిల్లీమీటర్ల దూరంలో, గాడి సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్ల చొప్పున జారిపోతుంది. లోపలి చివర, 60 మిల్లీమీటర్ల దగ్గర, అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే 'స', అదే 10 కిలోహెర్ట్జ్ స్వరం బయట 51 మైక్రాన్ల పొడవున పరుచుకుంటే లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. దాంతో గాడి మలుపులు బాగా బిగుసుకుంటాయి. ఆ స్వరాన్ని సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో గట్టిగా కోశారనుకోండి. బయట ఆ మలుపు వంపు వ్యాసార్ధం 40 మైక్రాన్లకు కాస్త పైన ఉంటుంది. లోపల అది 7 మైక్రాన్లు.

మీ 2ఎం రెడ్ సూది మొన ఎలిప్టికల్, అంటే అండాకారం. గాడి గోడకు ఆనే పక్క వ్యాసార్ధం 8 మైక్రాన్లు. 7 మైక్రాన్ల సందులో 8 మైక్రాన్ల అంచు దూరదు. మలుపు లోతుకు పోలేక పైపైన దూకుతుంది. మీకు వినిపించే చిరుగు అదే. వింటున్నది లోపం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, కానీ అలా దూకిన ప్రతిసారీ సూది ఆ గోడను కొంచెం చెక్కుతుంది. అందుకే దీన్ని వాయిదా వెయ్యకూడదంటున్నాను.

దీనికి తోడు అరుగుదల. మూడేళ్లు, రోజుకో గంట అంటే సుమారు 1,100 గంటలు. సూది ఆయుష్షు మీద కంపెనీలే ఒక మాట మీద లేవు. ఎలిప్టికల్‌కు ఆడియో-టెక్నికా 300 గంటలంటుంది. శుభ్రంగా వాడితే తన సూదులు 1,000 గంటల వరకు వస్తాయని ఆర్టోఫోన్ చెబుతుంది. ఏ లెక్కన చూసినా మీ సూది పని అయిపోయింది. అరిగిన ఎలిప్టికల్ మొనకు రెండు పక్కలా చదునైన పలకలు ఏర్పడతాయి, వాటి అంచులు ఉలిలా పనిచేస్తాయి. కొత్తది వచ్చేదాకా మీకు ప్రాణమైన రికార్డులు దాని కింద పెట్టకండి.

కొనే ముందు ఒక అరగంట కేటాయించి బిగింపు చూడండి. మొన ఎంత మంచిదైనా వంకరగా కూర్చుంటే ఫలితం ఇదే. మీ టెక్నిక్స్‌లో హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను బిగించే ముందు ముక్క) చేతికి, అంటే టోన్‌ఆర్మ్‌కు, కలిసే చోట రబ్బరు వాషరు ఉంటుంది. అది ఆనే అంచు నుంచి సూది మొన వరకు 52 మిల్లీమీటర్లు ఉండాలి. టర్న్‌టేబుల్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ గేజ్ కొలిచేది దీన్నే. అలా పెడితే ఓవర్‌హ్యాంగ్ (సూది మొన మధ్య కడ్డీని దాటి పోయే దూరం) 15 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ చివరి పాటలో అది బాగా వినిపిస్తుంది. ప్రొట్రాక్టర్ కాగితం (సూది కోణం సరిచూసే గీతల కాగితం) వాడే అలవాటుంటే లోఫ్‌గ్రెన్-ఎ పద్ధతిలో సున్నా బిందువులు, అంటే సూది గాడికి సరిగ్గా వరుసలో ఉండే చోట్లు, కేంద్రం నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్లు. స్టీవెన్‌సన్ పద్ధతిలో 60.3, 117.4. స్టీవెన్‌సన్ లోపలి చివరను కాపాడి మధ్య భాగంలో కొంచెం వదులుకుంటుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ముగింపు ఎక్కువగా పతాక స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి ఎక్కువగా వినేవాళ్లకు అది నప్పుతుంది. ఏది ఎంచుకున్నా చూడాల్సింది కార్ట్రిడ్జ్ డబ్బా అంచు కాదు, కాంటిలివర్. ఆ సన్నటి గొట్టమే కాగితం మీది గీతకు సమాంతరంగా ఉండాలి. చాలా కార్ట్రిడ్జ్‌లలో అది డబ్బాకు అరడిగ్రీ అటో ఇటో ఉంటుంది.

సూది బరువు కూడా చూడండి. 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. రికార్డు పాడవుతుందేమోనని 1.4కు తగ్గించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది తప్పు. బరువు తక్కువైతే సూది గాడి గోడలకు పట్టు దొరక్క ఎగిరెగిరి పడుతుంది. కాస్త ఎక్కువ బరువు చేసే నష్టం కంటే ఆ ఎగరడం చేసే నష్టమే పెద్దది. చేతి వెనుక తిప్పే బరువు మీద అంకెలను నమ్మకుండా 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా తెచ్చుకోండి. కొలిచేటప్పుడు సూది రికార్డు ఉపరితలం ఎత్తులోనే ఉండాలి. కాటా ఎత్తుగా ఉంటే అంకె మారుతుంది.

'స' చిరగడం ఒకే స్పీకర్‌లో ఎక్కువగా ఉంటే యాంటీ-స్కేటింగ్ (చెయ్యి లోపలికి జారిపోకుండా బయటికి లాగే ఏర్పాటు) మీద అనుమానం పెట్టుకోండి. కుడి పక్క ముందు చెడుతుంటే యాంటీ-స్కేటింగ్ చాలడం లేదు, ఎడమ పక్క చెడుతుంటే ఎక్కువైంది. గాడి లేని నునుపు రికార్డు మీద సూది పెట్టి, చెయ్యి కదలకుండా ఉండేదాకా యాంటీ-స్కేటింగ్ మర తిప్పడం బాగా ప్రచారంలో ఉన్న పద్ధతే, కానీ నిజమైన గాడిలో ఉండే రాపిడి వేరు. చెవితో, చివరి పాటతో సరిచూసుకోవడమే మేలు.

ఇక ఏది కొనాలి. ముందు చేతికి దగ్గరగా ఉన్న దారి చూద్దాం. మీ రెడ్ బాడీకి 2ఎం బ్లూ సూది నేరుగా దిగుతుంది. పాత సూది లాగేసి కొత్తది తొడిగితే అయిపోతుంది, కార్ట్రిడ్జ్ విప్పక్కర్లేదు. బ్లూలో వజ్రం ఒకే ముక్క, రెడ్‌లో లాగా లోహపు కాడకు అతికించింది కాదు. కదిలే బరువు తగ్గుతుంది, స్పష్టత పెరుగుతుంది. కానీ రెండింటి మొన కొలతలూ ఒకటే, 8కి 18 మైక్రాన్లు (పక్క వ్యాసార్ధం 8, ముందు వ్యాసార్ధం 18). అంటే మీ రోగానికి అది సగం మందే. పై మెట్టులో బ్రాంజ్ మొన 8కి 40, బ్లాక్‌లోని షిబాటా అనే సన్నటి ఆకారపు మొన 6కి 50. ఆ రెండింటివీ వేరే బాడీలు.

మీ ఫిర్యాదుకు సూటి జవాబు మైక్రోలీనియర్ మొన. ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఎంఎల్‌లో ఉండేది అదే. పక్క వ్యాసార్ధం 0.12 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 3 మైక్రాన్లు. 7 మైక్రాన్ల మలుపులో సులువుగా దూరుతుంది. గోడను పైనుంచి కిందికి పొడుగ్గా తాకుతుంది కాబట్టి ఒత్తిడి పరుచుకుంటుంది, అరుగుదల తగ్గుతుంది. కంపెనీ చెప్పే ఆయుష్షు 1,000 గంటలు, అదే కంపెనీ ఎలిప్టికల్‌కు మూడింతలకు పైన. ఇంకో లాభం కూడా ఉంది. పాత సూదులు గోడలో ఒక ఎత్తున అరగదీసిన చార ఉంటుంది. ఈ మొన ఆ చారకు పైనా కిందా మిగిలిన మంచి గోడను కూడా చదువుతుంది. పాడైపోయాయనుకున్న కొన్ని రికార్డులు మళ్లీ వినదగ్గవిగా మారతాయి. ఇంకాస్త పెట్టగలిగితే ఇదే మొన ఉన్న వీఎం540ఎంఎల్ చూడండి. అయితే మొన విషయంలో రెండూ సమానమే, కాబట్టి చిన్నది కొని మిగిలింది ఫోనోకు దాచుకోమని నా సలహా.

మొన సన్నబడేకొద్దీ బిగింపులో పొరపాటును క్షమించదు. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. అందుకే మైక్రోలీనియర్ కొని, కంటిచూపుతో బిగించేసి, 'ఎలిప్టికలే నయం' అని తిట్టుకునేవాళ్లు కనిపిస్తారు. పైన చెప్పిన కొలతలన్నీ కొత్తదానికి మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందే.

మీ చేతికి ఇది సరిపోతుందా అన్నది చూద్దాం. టోన్‌ఆర్మ్ బరువు, కార్ట్రిడ్జ్ సస్పెన్షన్ మెత్తదనం కలిసి ఒక స్ప్రింగ్‌లా ఊగుతాయి. ఆ ఊపు సెకనుకు 8 నుంచి 12 సార్ల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే వంగిన రికార్డు ఎత్తుపల్లాలూ మన అడుగుల అదురూ దాన్ని ఊపేస్తాయి. బాగా పెరిగితే సంగీతంలోని బాస్‌లోకి వచ్చి కూర్చుంటుంది. లెక్క ఇలా: టోన్‌ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు సూది దగ్గర పనిచేసే దాని బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు కలపండి. దాన్ని కాంప్లయన్స్‌తో, అంటే ఆ మెత్తదనం అంకెతో, గుణించి వర్గమూలం తియ్యండి. 159ని ఆ వచ్చినదాంతో భాగించండి. మీ టెక్నిక్స్ చెయ్యి హెడ్‌షెల్‌తో 12 గ్రాములు. 2ఎం రెడ్ 7.2, స్క్రూలు 0.8, మొత్తం 20. కాంప్లయన్స్ 20. వర్గమూలం 20, జవాబు 8 హెర్ట్జ్. అంచు మీద ఉంది గానీ పర్వాలేదు. వీఎం95 బాడీ 6.1 గ్రాములే కాబట్టి మొత్తం 19 దగ్గర ఆగుతుంది.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటొకటి ఉంది. జపాన్ కంపెనీలు కాంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తాయి. ఈ లెక్కకు కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె. అందుకని వాళ్ల అంకెను ఒకటిన్నర నుంచి రెండింతలు చేసి వాడాలి. వీఎం95ఎంఎల్‌కు ఇచ్చిన 10ని 18గా తీసుకుంటే ఊపు 8.6 హెర్ట్జ్ వస్తుంది. బాగానే ఉంది.

కెపాసిటెన్స్ సంగతి కూడా చూసుకోవాలి. ఎంఎం కార్ట్రిడ్జ్ కాయిల్ ఇండక్టెన్స్, కేబుళ్ల కెపాసిటెన్స్ కలిసి పై స్వరాల్లో ఒక గుట్ట లేపుతాయి. వీఎం95 కాయిల్ 550 మిల్లీహెన్రీలు. మొత్తం కెపాసిటెన్స్ 200 పికోఫారడ్లైతే ఆ గుట్ట 15 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎవరినీ ఇబ్బంది పెట్టని చోట ఉంటుంది. 400 అయితే 11 కిలోహెర్ట్జ్ కిందికి దిగి సరిగ్గా 'స' మీద కూర్చుంటుంది. అప్పుడు మొన మార్చినా ఘాటు తగ్గలేదని మీరు నన్ను తిడతారు. ఈ కార్ట్రిడ్జ్‌కు కంపెనీ చెప్పేది 100 నుంచి 200. 2ఎం రెడ్‌కు 150 నుంచి 300. చేతి లోపలి తీగ, బయటి కేబులు, ఫోనో ఇన్‌పుట్ మూడింటి అంకెలు కలిపి చూసుకోండి. ఎక్కువగా ఉంటే ముందు బయటి కేబులు పొట్టిది చెయ్యండి, లేదా తక్కువ కెపాసిటెన్స్ ఉన్నది వెయ్యండి.

డీఎల్-103 గురించి మీ శ్రేయోభిలాషి చెప్పిన మాట అబద్ధమేమీ కాదు. 1962లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో కలిసి తయారుచేసి, ఇన్ని దశాబ్దాలుగా అమ్ముతున్న కార్ట్రిడ్జ్ అది. గొంతులో నిండుదనం, మధ్య స్వరాల్లో బరువు నిజంగానే బాగుంటాయి. కానీ దాని మొన గుండ్రటిది, 16.5 మైక్రాన్ల వ్యాసార్ధం. మీకున్న 8 మైక్రాన్లే లోపలి మలుపుల్లో దూరడం లేదు. ఈ మొనతో చివరి పాట ఇంకా కష్టపడుతుంది. పైగా దాన్ని మీ ఎంఎం ఫోనోకు తగిలిస్తే వినబడేది గుసగుసే. 2ఎం రెడ్ ఇచ్చేది 5.5 మిల్లీవోల్టులు, డీఎల్-103 ఇచ్చేది 0.3. తేడా 25 డెసిబెల్స్. వాల్యూమ్ పూర్తిగా తిప్పితే పాటతోపాటు బుసబుస కూడా లేస్తుంది.

ఎప్పటికైనా ఎంసీ వైపు వెళ్లాలనుంటే ముందు ఎంసీకి తగిన ఫోనో, లేదా వోల్టేజి పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ సమకూర్చుకోండి. ఫోనోకైతే 60 నుంచి 66 డెసిబెల్స్ గెయిన్ (పెంపు), మార్చుకోగల లోడ్ (కార్ట్రిడ్జ్‌కు ఎదురయ్యే నిరోధం) ఉండాలి. లోడ్ కార్ట్రిడ్జ్ లోపలి ఓమ్‌లకు పదింతలు ఉండాలన్నది మొదలుపెట్టడానికి మంచి కొలత. ట్రాన్స్‌ఫార్మర్‌లో పెద్ద అంకె చూసి మురిసిపోకండి. 1కి 10 ట్రాన్స్‌ఫార్మర్ ముందు మీ 47 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ కార్ట్రిడ్జ్‌కు 470 ఓమ్‌లుగా కనిపిస్తుంది. 1కి 20 పెడితే 117 ఓమ్‌లే. 40 ఓమ్‌ల డీఎల్-103తో రెండోదానిలో ఆరు మిల్లీవోల్టులు రావాల్సింది నాలుగున్నరే వస్తుంది, మిగిలింది లోడ్ మింగేస్తుంది. లోడ్ మరీ బరువైతే పై స్వరాల తళుకు కూడా మందగిస్తుంది. ఎంసీలో సన్నటి మొన కావాలంటే ఏటీ-ఓసీ9ఎక్స్ వరుసలో మైక్రోలీనియర్, షిబాటా రెండూ ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎంసీలో సూది అరిగితే ఇంట్లో లాగి మార్చేది కాదు. మొత్తం కార్ట్రిడ్జ్ మార్చాలి, లేదా నిపుణులకు పంపి మొన కట్టించుకోవాలి. రోజూ వినేవాళ్లకు ఇది చిన్న ఖర్చు కాదు.

టర్న్‌టేబుల్ విషయంలో మీ మిత్రుడి మాట వినకపోవడానికి కారణం చెప్పాలి. ఎంకే2 వేగంలో తడబాటు 0.025 శాతం. రికార్డు మధ్య రంధ్రం అరమిల్లీమీటరు పక్కకు పోయిందనుకోండి, కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దగ్గర వేగం అటూ ఇటూ 0.5 శాతం మారుతుంది. మోటారు తప్పుకంటే ఇరవై రెట్లు. వీణ తీగ నిలిచి మోగేటప్పుడు స్వరం 1.8 సెకన్లకోసారి వంగి లేస్తుంటే అది రంధ్రం పనే, ఎందుకంటే ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి పట్టేది అంతే. దానికి ఏ టర్న్‌టేబుల్ కొన్నా మందు లేదు. బెల్ట్ డ్రైవ్ మంచిదా డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా తిప్పేది, మీది అదే) మంచిదా అన్న వాదన కంటే ఆ యంత్రాన్ని ఎంత శ్రద్ధగా చేశారన్నది ముఖ్యం. పైగా మీ చెయ్యి ఎత్తు 6 మిల్లీమీటర్ల వరకు మార్చుకోవచ్చు, హెడ్‌షెల్ మర తిప్పితే ఊడివస్తుంది. రెండు హెడ్‌షెల్‌లు పెట్టుకుంటే రేపు గుండ్రటి మొన ఒకదానికి, సన్నటిది ఒకదానికి బిగించి రికార్డును బట్టి మార్చుకోవచ్చు. రేగా లాంటి బెల్ట్ టర్న్‌టేబుళ్లు చక్కగా పాడతాయి, కానీ వాటి చేతికి ఎత్తు మార్చే మర లేదు. కార్ట్రిడ్జ్ పొడుగైతే కింద 2 మిల్లీమీటర్ల పలకలు పేర్చాలి.

మీ ఎంకే2లో చూడాల్సింది బేరింగులు. హెడ్‌షెల్‌ను రెండు వేళ్లతో పూచిక పట్టుకున్నట్టు పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి. 'టక్' అని ఆడితే బేరింగు వదులైంది, ముందు అది బాగు చేయించాలి. తర్వాత ప్లాటర్ తిరగకుండా ఆపి, రికార్డు మీద సూది దించి, వాల్యూమ్ మీరు మామూలుగా వినేంత పెంచి, టర్న్‌టేబుల్ పెట్టిన బల్లను వేలితో తట్టండి. స్పీకర్‌లో 'ధమ్' అని పెద్దగా వస్తే బల్ల మార్చాలి, లేదా గోడకు బిగించిన అర మీదికి ఎక్కించాలి. ఈ మార్పు తెచ్చే స్పష్టత చాలాసార్లు కార్ట్రిడ్జ్ మార్పుకు తీసిపోదు.

కొత్తది బిగించేటప్పుడు నాలుగు తీగలు రంగును బట్టి తొడగండి: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. సూది తొడుగు తియ్యకుండా, తీగను కాకుండా దాని చివరి గొట్టాన్ని సన్నటి పట్టకారుతో పట్టుకుని తోయండి. గొట్టం వదులుగా ఉంటే ఊడదీసి, పళ్లు కుట్టుకునే పుల్ల మీద పెట్టి కొద్దిగా నొక్కితే బిగుసుకుంటుంది. కార్ట్రిడ్జ్ పిన్నుకు తగిలించి ఉండగా ఎప్పుడూ నొక్కకండి. ఎంసీ అయితే ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి రానివ్వకండి. లోపలి అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది, కాంటిలివర్ విరగడానికి ఆ ఒక్క కుదుపు చాలు. ఇనుప పళ్లెం ఉన్న కాటా కూడా ఎంసీని లాగి అబద్ధపు బరువు చూపిస్తుంది.

వీఎం95ఎంఎల్‌కు 2.0 గ్రాములు పెట్టండి. రికార్డు మీద సూది ఉండగా పక్క నుంచి చూస్తే కార్ట్రిడ్జ్ పైభాగం రికార్డుకు సమాంతరంగా ఉండాలి. ముందు నుంచి చూస్తే కాంటిలివర్, రికార్డులో కనిపించే దాని ప్రతిబింబం ఒకే నిలువు గీతలో ఉండాలి. ఈ రెండూ కుదిరాక ఎత్తును అరమిల్లీమీటరు చొప్పున మారుస్తూ చివరి పాట వినండి. వెనుక ఎక్కువ ఎత్తైతే 'స' పదునెక్కి పలచబడుతుంది, తక్కువైతే గొంతు మసకబారుతుంది. మొదటి 30 గంటలు సస్పెన్షన్ కుదురుకుంటుంది కాబట్టి తీర్పు అప్పుడే ఇచ్చెయ్యకండి. తర్వాత బరువు మళ్లీ ఒకసారి కొలవండి.

సరి చూసుకోవడానికి మీరు ఎక్కువగా విన్న రికార్డు కాకుండా, ఇంకా పెద్దగా ఆడని కొత్త ఎల్పీ ఒకటి వాడండి. పాత రికార్డుల్లో అరిగిన సూది ఇప్పటికే గోడను చెక్కేసి ఉంటే ఆ చిరుగు కొంతవరకు మిగిలే ఉంటుంది. కొత్త ఎల్పీ చివరి పాట శుభ్రంగా పలికిందంటే బిగింపు సరైందే. పాతవాటిని ఒకసారి కడిగి, అప్పుడు విని చూడండి.